ఎనిమిది కిలోబైట్లలో పులిజూదం

పాతకాలపు కంప్యూటర్లకు ఇవాళ కొత్త ఆటలు రాయడం అనగానే మన చదువుకున్నవాళ్లలో చాలామంది నోట ఒకే మాట వస్తుంది: పనీపాటా లేని సరదా. అమెరికాలోనో ఇంగ్లండులోనో జీతం, తీరిక రెండూ దండిగా ఉన్నవాళ్లు చిన్నప్పటి యంత్రాన్ని అటక మీంచి దించుకుని మురిసిపోవడానికి చేసే పని అంటారు. మెమరీ ఇంత చవకైన రోజుల్లో ఎనిమిది, పదహారు కిలోబైట్లలో సర్దుకోవడం దేనికని అడుగుతారు. నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు లాంటి మెట్ట ప్రాంతపు పిల్లల విషయానికి వచ్చేసరికి గొంతు ఇంకా పెరుగుతుంది. ఏఐ నేర్చుకుని హైదరాబాదుకో బెంగళూరుకో పోవాల్సిన పిల్లలకు నలభై ఏళ్లనాటి డబ్బా ఎందుకు అన్నది వాళ్ల ప్రశ్న.

ఈ ప్రశ్న అడిగేవాళ్లకు పిల్లల మీద ప్రేమ లేదని ఎవరూ అనరు. కానీ వాళ్ల తీర్పు తప్పు. ఎవరి మేలు కోరి చెబుతున్నారో ఆ పిల్లలకే నష్టం చేసే తీర్పు అది. ఖరీదైన యంత్రాలు, వేగమైన నెట్టు, పెద్ద స్టూడియోలు లేని ఊళ్లకు కంప్యూటర్ విద్యలో అన్నిటికంటే దగ్గరి దారి ఏదైనా ఉందంటే, అది తక్కువ మెమరీ ఉన్న యంత్రానికి సొంతంగా ఒక ఆట రాయడమే.

ముందు ఆ డబ్బా ఏమిటో చూడాలి. చేత్తో పట్టుకుపోగలిగే కంప్యూటర్లలో బాగా పేరుపడ్డది టీఆర్ఎస్-80 మోడల్ 100. 1983లో వచ్చింది. జపాన్‌కు చెందిన క్యోసెరా తయారుచేస్తే అమెరికాలో రేడియో షాక్ దుకాణాలు అమ్మాయి. 8 కిలోబైట్ల మెమరీతో ఉన్న మోడల్ ధర అప్పట్లో 1,099 డాలర్లు. తెర మీద వరసకు 40 అక్షరాల చొప్పున 8 వరసలు పడతాయి. చుక్కల్లో చెప్పాలంటే అడ్డంగా 240, నిలువుగా 64. నాలుగు పెన్సిల్ సెల్లులు వేస్తే ఇరవై గంటల దాకా నడిచేది. టైపు చేసిన వార్తను ఫోను తీగ మీదుగా ఆఫీసుకు పంపే సదుపాయం ఉండడంతో విలేకరులు దాన్ని చంకన పెట్టుకుని తిరిగారు. తాను స్వయంగా కూర్చుని కోడ్‌లో ఎక్కువ భాగం రాసిన యంత్రాల్లో ఇదే ఆఖరిదని బిల్ గేట్స్ తర్వాత చెప్పుకున్నాడు.

దాని లోపలి చిప్ పేరు 80సీ85. ఇంటెల్ 1976లో తెచ్చిన 8085కు తక్కువ కరెంటు తాగే తమ్ముడు. అర్థమయ్యే ఆదేశాలు అవే, సంకేతాలు అవే.

ఈ పేరు వినగానే మన రాష్ట్రంలో ఎలక్ట్రానిక్స్ చదివినవాళ్లు ఉలిక్కిపడాలి. ఇంజనీరింగ్ కాలేజీల్లో, పాలిటెక్నిక్కుల్లో తరాల తరబడి మైక్రోప్రాసెసర్ ల్యాబులో పాఠం ఎక్కువగా చెప్పింది ఈ 8085 మీదే. నీలం రంగు పెట్టె, పదహారు అంకెల కీప్యాడ్, పైన ఎర్రగా వెలిగే ఆరు అంకెల దీపాలు, అందులో నాలుగు చిరునామాకు, రెండు విలువకు. రెండు సంఖ్యలు కూడడం, పది సంఖ్యల్లో పెద్దది వెతకడం, వాటిని ఆరోహణ క్రమంలో పేర్చడం. జవాబు వచ్చాక రికార్డులో రాసి సంతకం పెట్టించుకోవడం. సెమిస్టర్ అయిపోగానే మర్చిపోవడం. ఉదయగిరిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఏళ్ల తరబడి నడిచింది. ఆత్మకూరు, వింజమూరు, కలిగిరి పిల్లలు నెల్లూరు, కావలి కాలేజీలకు పోయి చదువుతూనే ఉన్నారు. 8085 తర్వాత వాళ్లకు 8051 చెబుతారు. ఆ చిప్ లోపల పనికి వాడుకునే మెమరీ 128 బైట్లు.

అంటే మెట్ట ప్రాంతపు పిల్లలకు తక్కువ మెమరీ యంత్రం ఎందుకన్న ప్రశ్నే ఆలస్యంగా పుట్టింది. ఆ యంత్రం వాళ్ల సిలబస్‌లోకి ఎప్పుడో వచ్చేసింది. కాకపోతే ప్రాణం లేని పాఠంగా వచ్చింది. పది సంఖ్యల్ని పేర్చే ప్రోగ్రామ్ ఎందుకు రాస్తున్నామో రాసే పిల్లవాడికీ తెలియదు, రాయించే మాస్టారికీ ఆసక్తి ఉండదు. అదే పెట్టె మీద వాళ్ల నాయనమ్మ ఆడిన ఆట రాయమంటే కథ మారిపోతుంది.

వామనగుంటలే తీసుకుందాం. పీటకు రెండు వరసల్లో ఏడేసి చొప్పున పద్నాలుగు గుంటలు. గుంటల్లో చింతపిక్కలు. ఒక గుంటలోని పిక్కలన్నీ చేతిలోకి తీసుకుని పక్క గుంటల్లో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోతే తర్వాతి గుంట ఎత్తుకుని మళ్లీ మొదలు. ఆ గుంట ఖాళీగా దొరికితే దాని అవతలి గుంటలోవి మనకే. గుంటకో బైట్ చొప్పున మొత్తం పీటకు 14 బైట్లు చాలు. ఒక బైట్‌లో 255 దాకా లెక్కపెట్టొచ్చు, గుంటకు అయిదు చొప్పున పోసినా పీట మీద ఉండేవి 70 పిక్కలే కాబట్టి పొంగిపోయే భయం లేదు.

8085లో హెచ్, ఎల్ అనే రెండు రిజిస్టర్లు కలిసి మెమరీలో ఒక చోటును చూపిస్తుంటాయి. ఆట రాసే పిల్లవాడికి అదే వేలు. ఆ వేలు ఉన్న గుంటలో ఒక పిక్క వేయడానికి ఒకే ఒక్క ఆదేశం, పదహారంకెల లెక్కలో దాని సంకేతం 34. వేలు తర్వాతి గుంటకు జరపడానికి 23. చేతిలో ఒకటి తగ్గించడానికి 0డి. మూడూ ఒక్కొక్క బైటే. పద్నాలుగో గుంట దాటితే వేలిని మొదటి గుంటకు తిప్పే నాలుగు ఆదేశాలు మధ్యలో చేర్చాలి. చిరునామా దీపాల్లో గుంట నంబరు, విలువ దీపాల్లో అందులో ఉన్న పిక్కల సంఖ్య చూపిస్తే తెర కూడా అక్కర్లేదు. ల్యాబులో మూలనపడ్డ పెట్టె మీద ఇద్దరు కూర్చుని ఆడుకోవచ్చు. పాయింటర్ అంటే ఏమిటో, లూప్ ఎక్కడ ఆగాలో, హద్దు దాటితే ఏమవుతుందో ఇంతకంటే సూటిగా చెప్పే పాఠం మన పుస్తకాల్లో లేదు. హద్దు చూడడం మర్చిపోతే పిక్కలు పదిహేనో గుంటలో పడతాయి, అక్కడ ఆట మార్కులు ఉంటే అవి చెడిపోతాయి. ఇది కళ్లముందు జరిగితే ఏ విద్యార్థీ జన్మలో మర్చిపోడు.

ఇంకొంచెం పెద్ద ఆట కావాలంటే పులిజూదం ఉంది. రచ్చబండల మీద, గుళ్ల అరుగుల మీద సుద్దముక్కతో గీసి ఆడిన ఆట. ఊరూరికీ గీతలు, పావుల లెక్క మారుతుంటాయి. అందరికీ తెలిసిన గీత పద్ధతిలో పై కొసన ఒక చోటు, దాని కింద మూడు అడ్డగీతల మీద ఆరేసి, అడుగున నాలుగు, మొత్తం 23 చోట్లు. పులులు మూడు, మేకలు పదిహేను. ఈ బల్లను యంత్రంలో ఎలా దాచాలి? తెలియనివాడు చోటుకో పెద్ద సంఖ్య కేటాయించి బోలెడు మెమరీ తినేస్తాడు. కాస్త ఆలోచిస్తే పులి ఉందా లేదా అన్నదానికి చోటుకో బిట్ చొప్పున 23 బిట్లు, మేకకు ఇంకో 23, కలిపి 46 బిట్లు. ఆరు బైట్లలో 48 బిట్లు పడతాయి. రెండు మిగిలాయి. అందులో ఒకటి ఆడే వంతు ఎవరిదో చెబుతుంది. ఇంకా బల్ల మీదికి దిగని మేకలెన్నో చెప్పడానికి ఏడో బైట్. పులి తిన్న మేకల సంఖ్యను దాచాల్సిన పనే లేదు, పదిహేనులోంచి మిగతా రెండు లెక్కలూ తీసేస్తే అదే వస్తుంది. ఆట మొత్తం ఏడు బైట్లలో ఉంది.

ఈ బల్ల మీద ఏ చోటు నుంచైనా పోయే దారులు నాలుగుకు మించవు. కాబట్టి దారుల పట్టికకు 23ను నాలుగుతో గుణిస్తే 92 బైట్లు. పులి దూకే చోట్లకు వేరే పట్టిక అక్కర్లేదు. ఎటు అడుగేస్తుందో అటే ఇంకో అడుగు వేయిస్తే దూకుడు అయిపోతుంది. పై కొసన మాత్రం నాలుగు దారులూ కిందికే పోతాయి గనక అక్కడ చిన్న మెలిక ఉంది, దాన్ని విడిగా చూసుకోవాలి. మూడు పులులకు నాలుగేసి దారులు, ఒక దారిలో నడకో దూకుడో ఏదో ఒకటే కుదురుతుంది. అంటే పులి వంతు వచ్చినప్పుడు ఎంత వెతికినా పన్నెండు ఎత్తులకు మించి లేవు. మేక దించడానికి ఖాళీ చోట్లు ఇరవైకి మించవు. పులి ఎత్తు, దానికి మేక జవాబు కలిపి చూసినా 240 స్థితులు. సెకనుకు ఇరవైనాలుగు లక్షల పైచిలుకు క్లాక్ టిక్కులు వేసే మోడల్ 100 చిప్‌కు, మెషీన్ భాషలో రాస్తే, ఇది మోయలేని బరువు కాదు. యంత్రమే పులి పక్షాన ఆడుతుంది. 8 కిలోబైట్ల మోడల్లో ఆట రాసేవాడికి మిగిలేది సుమారు అయిదు కిలోబైట్లు, అందులో పులిజూదం కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. 64 చుక్కల ఎత్తున్న తెర మీద అయిదు వరసల బల్ల గీయడానికి వరసకు పన్నెండు చుక్కలు దొరుకుతాయి.

సరదా అనేవాళ్లు ఇక్కడ ఒక్కసారి ఆగి చూడాలి. గణితం, తర్కం, సమాచారాన్ని దాచే పద్ధతి, యంత్రానికి ఆడడం నేర్పడం, ఇన్నీ ఏడు బైట్ల చుట్టూ తిరిగాయి. ఏఐ పుస్తకాల్లో మొదటి అధ్యాయాల్లో చెప్పేది సరిగ్గా ఈ ఎత్తుల వెతుకులాటే. పులిజూదం రాసిన పిల్లకు ఆ అధ్యాయం పాతచుట్టంలా కనిపిస్తుంది.

తర్వాత తెలుగు. మోడల్ 100 తెర మీద ఒక అక్షరానికి దక్కేది ఆరు చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు. ఇంగ్లీషుకు సరిపోతుంది. తలకట్టు, గుడి, కింద ఒత్తు ఉన్న తెలుగుకు సరిపోదు. పదహారుకు పదహారు చుక్కల గడి కావాలి, గడికి 32 బైట్లు. 35 హల్లులకు పన్నెండు గుణింతాల చొప్పున అన్నీ గీసి పెట్టుకుంటే 420 బొమ్మలు, 13,440 బైట్లు. 8 కిలోబైట్ల యంత్రం మొత్తం ఇచ్చినా చాలదు. కానీ ఆటకు కావాల్సింది రెండే వాక్యాలు: "పులి గెలిచింది", "మేకలు గెలిచాయి". వీటిలో వేరువేరు అక్షరాలు లెక్కపెడితే పదే. 320 బైట్లలో తెలుగు మాట్లాడే ఆట తయారవుతుంది.

అదే "పులి గెలిచింది" అన్న మాటను ఇవాళ్టి ఫోన్లలో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో దాచితే 40 బైట్లు పడుతుంది. 1991లో భారత ప్రమాణంగా వచ్చిన ఇస్కీ పద్ధతిలో అయితే 14 చాలు. ఇంగ్లీషు ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడుతుంటే తెలుగు ఎస్ఎంఎస్ మామూలుగా 70కే ఎందుకు తెగిపోతుందో చాలామంది ఇంజనీర్లకు తెలియదు. ఎప్పుడూ ఆ బైట్లు లెక్కపెట్టాల్సిన అవసరం రాలేదు కాబట్టి తెలియదు. తెలుగును చిన్న యంత్రంలో ఇమిడ్చే పని చేసినవాళ్లకు మాత్రం మన లిపి కంప్యూటర్‌లో ఎలా బతుకుతోందో వేళ్ల కొసల్లో ఉంటుంది. మన భాషకు సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లు కావాలని సభల్లో కోరుతూ, ఆ చేతులు తయారయ్యే పనిని సరదా అని కొట్టిపారేయడం కుదరదు.

మెమరీ చవక అన్న వాదన దగ్గరికి వద్దాం. అది సగం నిజం. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో ఆ నెలల్లో కంప్యూటర్ కొనబోయినవాళ్లకు తెలుసు. ధర సంగతి పక్కన పెట్టినా, ప్రపంచంలో తయారయ్యే చిప్పుల్లో ఎన్నో కిలోబైట్ల లోకంలోనే బతుకుతున్నాయి. పిల్లల ప్రాజెక్టుల్లో ఎక్కడ చూసినా కనిపించే ఆర్డినో యూనో ఆర్3 బోర్డు మీదున్న చిప్‌లో పనికి వాడుకునే మెమరీ 2 కిలోబైట్లు, కోడ్‌కు 32 కిలోబైట్లు. మోడల్ 100 కంటే చిన్నది. మెట్టలో బోరు మోటారుకు పెట్టుకునే మొబైల్ స్టార్టర్‌లో, ఇంటి గోడ మీద కరెంటు మీటర్లో ఉండేవి ఇలాంటి చిన్న చిప్పులే. సోమశిల జలాశయం నీళ్లు అందని పొలాల్లో కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు ఆన్ చేయాలి, ఒక ఫేజు పోతే ఆపాలి, బోరు ఎండితే ఆపాలి. ఆ తీర్మానాలన్నీ కొన్ని వందల బైట్లలో జరుగుతాయి. వామనగుంటల్లో హద్దు మర్చిపోతే ఆట చెడుతుంది, స్టార్టర్‌లో మర్చిపోతే మోటారు కాలుతుంది.

ఇంకా దూరం పోదాం. 1977లో బయలుదేరిన వాయేజర్ 1 అంతరిక్ష నౌక కంప్యూటర్లన్నిటి మెమరీ కలిపినా 70 కిలోబైట్లు దాటదు. 2023 నవంబరులో అది అర్థంలేని సమాచారం పంపడం మొదలుపెట్టింది. ఒక మెమరీ చిప్ పాడైందని, అందులో ఉన్న కోడ్‌ను వేరేచోటికి మార్చాలని నాసా ఇంజనీర్లు కనిపెట్టారు. అంత కోడ్ ఒకేచోట పట్టే ఖాళీ ఎక్కడా లేదు. ముక్కలు చేసి దొరికిన సందుల్లో సర్దారు, ఆ ముక్కలు ఒకదాన్నొకటి వెతుక్కునేలా చిరునామాలు దిద్దారు. 2024 ఏప్రిల్‌లో పంపితే సందేశం చేరడానికే 22 గంటల పైన పట్టింది. నౌక మళ్లీ మాట్లాడింది. ఆ ఇంజనీర్లు చేసిన పని, అయిదు కిలోబైట్లలో ఆట సర్దే పని ఒకే విద్య.

ఇది గతించిన కళ అనేవాళ్లు మార్కెట్ వైపు కూడా చూడాలి. గేమ్‌బాయ్ 1989 నాటి చేతి యంత్రం, పని మెమరీ 8 కిలోబైట్లు. దానికి కొత్త ఆటలు తయారుచేసుకునే జీబీ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వచ్చింది 2019లో. అదే ఏడాది మైక్రో మేజెస్ అనే ఆట 1980ల నాటి నింటెండో యంత్రానికి విడుదలైంది. నలుగురు కలిసి ఆడే ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. ఆర్డుబాయ్ అనే జేబు యంత్రాన్ని కొత్తగా తయారుచేస్తూ కూడా కావాలనే రెండున్నర కిలోబైట్ల మెమరీతో చేశారు. పీకో-8 అసలు యంత్రమే కాదు, ఊహలో కట్టిన చిన్న యంత్రం. 128కి 128 చుక్కల తెర, 16 రంగులు, 32 కిలోబైట్ల ఆట, అంతకుమించి ఒప్పుకోదు. దాని మీద ఇద్దరు మిత్రులు, మ్యాడీ థార్సన్, నోయెల్ బెర్రీ, నాలుగు రోజుల్లో సెలెస్ట్ అనే ఆట రాశారు. అదే పెరిగి 2018లో పెద్ద ఆటగా వచ్చి, ఆ ఏడాది గేమ్ అవార్డుల్లో ఉత్తమ స్వతంత్ర ఆటగా నిలిచింది. చిన్న యంత్రం వాళ్లకు అడ్డం పడలేదు. ఆటలో అసలు ఉండాల్సింది ఏమిటో తేల్చుకునేలా చేసింది.

సత్య నాదెళ్ల నడుపుతున్న మైక్రోసాఫ్ట్‌ను చూసి గర్వపడని తెలుగు ఇల్లు లేదు. ఆ కంపెనీ మొదటి సరుకు, 1975లో ఆల్టేర్ యంత్రానికి రాసిన బేసిక్, 4 కిలోబైట్లలో పట్టింది. కంపెనీకి యాభై ఏళ్లు నిండిన 2025లో బిల్ గేట్స్ ఆ కోడ్‌ను అందరూ చదువుకోవడానికి బయటపెట్టాడు. అదే ఏడాది సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ 6502 చిప్‌కు రాసిన తన పాత బేసిక్‌ను ఎవరైనా వాడుకునేలా విడుదల చేసింది. పనికిరాని పాతసామానుకు ఎవరూ ఇంత గౌరవం ఇవ్వరు.

ఎదుటి పక్షం మాటల్లో ఒప్పుకోవాల్సినవి కూడా ఉన్నాయి. అసలు మోడల్ 100 యంత్రాన్ని కొనమని ఉదయగిరి పిల్లలకు చెప్పడం అన్యాయం. అది మన దగ్గర దొరకదు, విదేశాల నుంచి తెప్పిస్తే ఖర్చు, లోపలి బ్యాటరీ కారి బోర్డును తినేసి ఉండొచ్చు, బాగుచేసేవాడు లేడు. కానీ కొనాల్సిన అవసరమే లేదు. వర్చువల్‌టీ అనే ఉచిత ప్రోగ్రామ్ మోడల్ 100ను మామూలు కంప్యూటర్ లోపల అచ్చం అలాగే నడిపిస్తుంది. పదేళ్లనాటి ల్యాప్‌టాప్ చాలు, గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, దించుకున్నాక నెట్టు కూడా అక్కర్లేదు. ఈ రంగంలో ఆత్మకూరు పిల్లకూ కాలిఫోర్నియా పిల్లకూ పరికరంలో తేడా లేదు. ఇలా సమానంగా మొదలుపెట్టగలిగే రంగాలు కంప్యూటర్ లోకంలో చాలా తక్కువ. పెద్ద ఏఐ మోడల్‌ను తర్ఫీదు చేయడం ఆ పిల్ల చేతిలో లేదు, దానికి కావాల్సిన యంత్రాలు ఆమె కాలేజీకి కూడా అందవు. అయిదు కిలోబైట్ల పులిజూదాన్ని మాత్రం మొదటి బైట్ నుంచి ఆఖరి బైట్ దాకా ఆమె ఒక్కతే కట్టగలదు, ప్రతి బైట్ ఎందుకుందో చెప్పగలదు.

ఉద్యోగం ఏది అని అడిగే తల్లిదండ్రుల ఆందోళన నిజమైనది. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అప్పు చేసి చదివిస్తున్న ఇళ్లవి. పాత యంత్రానికి ఆట రాస్తే ఎవరూ నేరుగా జీతం ఇవ్వరు, ఆ మాట దాచాల్సిన పని లేదు. అయితే ఇంటర్వ్యూ గదిలో జరిగేది ఏమిటి? అందరి రెజ్యూమేల్లో ఒకే ప్రాజెక్టులు, ఎక్కడినుంచో తెచ్చుకున్న కోడ్, రెండో ప్రశ్నకే తడబాటు. తాను రాసిన ఆటలో బల్లను ఏడు బైట్లలో ఎలా ఇమిడ్చిందో వివరించే అమ్మాయికి ఆ తడబాటు ఉండదు. కార్లు, వైద్య పరికరాలు, మీటర్లు, పంపుసెట్ల కంట్రోలర్లు చేసే కంపెనీలకు కావాల్సింది సరిగ్గా ఆ నైపుణ్యం. క్లౌడ్‌లో పనిచేసేవాళ్లకు కూడా వాడిన మెమరీకి నెలనెలా బిల్లు వస్తుంది.

మెట్ట ప్రాంతం చేతిపనిని చులకన చేసే ప్రాంతం కాదు. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలు, ఫోర్కులు భౌగోళిక గుర్తింపు పొందిన సరుకు. దుర్గం కొండల్లో దొరికే నర్ది, కలివి లాంటి కర్రతో, ఉన్న ముక్కలో ఏది ఎంత వస్తుందో చూసి చెక్కుతారు. స్టీలు చెంచా పది రూపాయలకు దొరుకుతున్న కాలంలో ఇదెందుకని ఆ కళాకారులను ఎవరూ అడగరు. ప్రదర్శనల్లో పెడతారు, అతిథులకు బహుమతిగా ఇస్తారు. పరిమితమైన ముక్కలోంచి పనికొచ్చే వస్తువు తీసే అదే నేర్పును కంప్యూటర్ మీద చూపించే పిల్లవాడికి ఆ మర్యాద దక్కకపోవడం అన్యాయం.

ఈ పల్లెల్లోకి మొదట్లో వచ్చిన చేతి కంప్యూటర్ ఆటల్లో ఒకటి నోకియా ఫోన్ల పాము. 1997లో నోకియా 6110 కోసం తానెలి అర్మాంటో రాసిన స్నేక్, తర్వాత టార్చిలైటు ఉన్న 1100 లాంటి చవక ఫోన్ల ద్వారా రచ్చబండల దాకా చేరింది. పొలం గట్టు మీద, బస్సు కోసం నిలబడ్డ చోట లక్షలమంది ఆడారు. ఫిన్లండులో ఒక ఇంజనీరు నలుపు తెలుపు చుక్కల్లో రాసినదాన్ని మన ఊళ్లు ఆడాయి. ఇక్కడి పులిజూదాన్ని, వామనగుంటలను, దాడి ఆటను అవే చుక్కల్లో రాసి బయటికి పంపగల చదువు మన పిల్లలకు కూడా ఉంది. చెప్పేవాళ్లే పక్కదారి పట్టించారు.

ఆత్మకూరు నియోజకవర్గం 2014లో, 2019లో ఎన్నుకున్న మేకపాటి గౌతమ్ రెడ్డి రాష్ట్ర ఐటీ, పరిశ్రమల మంత్రిగా పనిచేశారు. 2022 ఫిబ్రవరిలో ఆయన మరణించేదాకా ఆ శాఖ ఈ ప్రాంతం మనిషి చేతిలోనే ఉంది. ఐటీ అంటే ఇక్కడివాళ్లకు ఎక్కడో దూరాన ఉన్న మాట కాదు. అయినా ఐటీ అనగానే గాజు మేడలు, బెంగళూరు బస్సు తప్ప ఇంకేదీ గుర్తుకు రాకపోవడానికి కారణం, ఇక్కడే కూర్చుని చేయగలిగిన పనిని ఎవరూ పనిగా లెక్కపెట్టకపోవడం.

మైక్రోప్రాసెసర్ ల్యాబు నడుపుతున్న అధ్యాపకులకు ఒక విన్నపం. వచ్చే సెమిస్టర్‌లో పది సంఖ్యల్ని పేర్చే ప్రయోగం పక్కన వామనగుంటలను కూడా ఒక ప్రయోగంగా పెట్టండి. 8085 పెట్టె, పద్నాలుగు బైట్లు, 34, 23, 0డి చాలు. పని పూర్తిచేసిన పిల్లలకు రికార్డులో మార్కులు వేయండి. తర్వాత వర్చువల్‌టీ దించి పులిజూదం అప్పగించండి. ఎవరి ఊళ్లో గీతలు ఎలా గీస్తారో, పావులు ఎన్నో పిల్లలనే ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసుకు రమ్మనండి. తల్లిదండ్రులు కూడా కొడుకో కూతురో ఆ చిన్న తెర ముందు కూర్చుంటే ఆట అని లేపకండి, వాళ్లు చేస్తున్నది చదువే.